శ్రీకాకుళం చుట్టుపక్కల రోడ్ బైక్ (సన్న టైర్ల సైకిల్) మీద: కొండ, సముద్రం, మధ్యలో తోటలు ఉండే దారి ఉందా?

వంశధార గట్టు:

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట. ఆరేళ్లు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసి, నాన్నగారి ఆరోగ్యం బాగోక ఈ మధ్యే ఇంటికి వచ్చేశాను. ఇక ఇక్కడే ఉంటాను. వచ్చేటప్పుడు సామాన్లు చాలా వరకు అక్కడే ఇచ్చేశాను గానీ సైకిల్ మాత్రం పెట్టెలో కట్టి తెచ్చుకున్నాను.

అక్కడ నేను పాసో రోబుల్స్ దగ్గర ఉండేవాడిని. ఆదివారం తెల్లవారితే టెంపుల్‌టన్ నుంచి వైన్‌యార్డ్ డ్రైవ్ మీదుగా వెళ్తే రెండు వైపులా ద్రాక్ష తోటలే, తర్వాత 46వ నంబరు రోడ్డు పట్టుకుని కొండ ఎక్కితే పైనుంచి పసిఫిక్ సముద్రం కనిపించేది, దిగితే కేంబ్రియా ఊరు, అక్కడ కాఫీ తాగి శాంటా రోసా క్రీక్ రోడ్డులో తిరిగొచ్చేవాళ్ళం. ఆ రోడ్డు సన్నగా, గతుకులతో ఉంటుంది, చివర్లో గోడలా నిలబడిపోతుంది, చాలాసార్లు దిగి తోసుకుంటూ ఎక్కాను. సాయంత్రమయ్యేసరికి కొండల మధ్య సందులోంచి సముద్రపు గాలి లోపలికి వచ్చి పగటి వేడంతా తీసేసేది. పగలు అంత ఎండ, రాత్రి అంత చలి ఉండబట్టే ద్రాక్షకు ఆ రుచి అని అక్కడి తోటల వాళ్ళు చెప్పేవారు.

ఇక్కడికి వచ్చాక ఒకసారి హైవే మీద టెక్కలి దాకా వెళ్ళొచ్చాను. రోడ్డు నున్నగానే ఉంది కానీ అంచున ఆగి ఉన్న లారీలు, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే బండ్లు, పక్కనుంచి బస్సు వెళ్తే హ్యాండిల్ ఊగిపోవడం. ఇంటికి వచ్చేసరికి కాళ్ళ కంటే మెడ ఎక్కువ నొప్పి పెట్టింది, అంత టెన్షన్. అమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు.

నేను పుట్టిన జిల్లాలో నాకే దారులు తెలియకపోవడం బాధగా ఉంది. పదో తరగతి అయ్యాక హాస్టల్, ఆ తర్వాత హైదరాబాద్, ఆ తర్వాత అమెరికా. హైవే వదిలేసి, 60 నుంచి 100 కిలోమీటర్లలో, కొండా సముద్రమూ తోటలూ ఉండే దారులు చెప్పగలరా? టైర్లు 28 మిల్లీమీటర్ల వెడల్పు, గేర్లలో ముందు చిన్న పళ్ళ చక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి 30. ఏ నెలలో వెళ్ళాలి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, కుక్కల సంగతేంటి, తెలిసినవాళ్ళు రాయండి.

పలాస పిక్క:

అన్నా, ముందుగా స్వాగతం. మాది కాశీబుగ్గ, ఇంట్లో మూడు తరాలుగా జీడి వ్యాపారం. ద్రాక్ష మన దగ్గర లేదు గానీ, తోటల మధ్య రోడ్డు కావాలంటే ఉద్దానం రావాల్సిందే. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందంటారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వరకు ఆ పేరుతోనే పిలుస్తారు. జీడి, కొబ్బరి, పనస, మధ్యలో మునగ, అంచుల్లో మొగలి పొదలు, సముద్రం దగ్గర పడేకొద్దీ సరుగుడు.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. అక్కడ మీరు కొండ ఎక్కి సముద్రం చూశారు. ఇక్కడ కొండలు పడమర వరసలో, సముద్రం తూర్పున, మధ్యలో నేల చదునుగా ఉంటుంది. మందస దాటాక ఎడమవైపు చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది, 1501 మీటర్ల ఎత్తు, అది ఒడిశాలోకి వస్తుంది. ఆ కొండను పొద్దంతా పక్కన పెట్టుకుని తొక్కడమే ఇక్కడి ఆనందం. దాన్ని రోడ్ బైక్‌తో ఎక్కేద్దామని మాత్రం అనుకోవద్దు.

దారి చెప్తాను. పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు దిగిపోండి. ఊరు దాటిన కాసేపటికే జీడి చెట్లు రోడ్డు మీదకు వంగి ఉంటాయి. అక్కుపల్లి దగ్గర బీచ్ ఉంది, శివసాగరం అంటారు, పొద్దున్నే వెళ్తే జనం ఉండరు. అక్కడి నుంచి తీరం వెంబడే ఒక్క రోడ్డులో బారువ దాకా వెళ్ళిపోవచ్చని ఫోన్‌లో మ్యాప్ చూసి అనుకోకండి, గెడ్డలు, అంటే వాగులు, అడ్డం వస్తాయి, కొన్ని దారులు ఇసుకలో ముగిసిపోతాయి. ఊరి నుంచి ఊరికి అడుగుతూ వెళ్ళాలి. అడిగితే మా వాళ్ళు దారి చెప్పడమే కాదు, సగం దూరం బండి మీద ముందు వచ్చి చూపిస్తారు.

జనవరి, ఫిబ్రవరిలో జీడి పూత మీద ఉంటుంది. తెల్లారుజామున మంచులో ఆ పూత వాసన ఎలా ఉంటుందో నాకు రాయడం రాదు, వచ్చి చూడాలి. మార్చి నుంచి మే వరకు పళ్ళు. ఎరుపు, పసుపు పళ్ళు కింద రాలుతాయి, పిక్క ఏరుకుని పండు వదిలేస్తారు. చెట్టు కింద నీడగా ఉంది కదా అని సైకిల్ లోపలికి తీసుకెళ్ళి పడుకోకండి, అది ఎవరో ఒకరి పంట, పిక్కలు ఏరే ఆడవాళ్ళు పొద్దుటే వస్తారు. రోడ్డు పక్కన ఆగి, ఒక మాట అడిగి కూర్చోండి. ఎవరూ కాదనరు. పచ్చి పిక్క చేత్తో ఒలవకండి, ఆ జీడి నూనెకు చర్మం బొబ్బలెక్కుతుంది.

ఇంకొక సంగతి చెప్పాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వజ్రపుకొత్తూరు మండలం దగ్గరే తీరం దాటింది. ముందు రోజు వరకు నీడగా ఉన్న రోడ్డు పొద్దున్నకి ఆకాశం కింద ఉంది. తాత నాటిన జీడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, కొబ్బరి చెట్లు నడుముకి విరిగాయి. మా నాన్న ఆ రోజు తోటలోకి వెళ్ళి సాయంత్రం వరకు రాలేదు. కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అంటే అప్పుడు నాటినవి ఇప్పుడిప్పుడే కాయలు చూపిస్తున్నాయి. మీరు వెళ్ళేటప్పుడు ఒక తోటలో చెట్లన్నీ ఒకే ఎత్తులో, లేతగా కనిపిస్తే అది తిత్లీ తర్వాత మళ్ళీ నాటిన తోట అని అర్థం. ఆగి ఒక బొండం తాగి వెళ్ళండి అన్నా, ఆ డబ్బు నేరుగా రైతు చేతికి వెళ్తుంది.

సోంపేట మాస్టారు:

బాబూ, పలాస తమ్ముడు చెప్పింది నిజమే కానీ మార్చి, మే మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆ ఎండకీ ఉక్కకీ తొమ్మిదింటికే ఒళ్ళు తడిసి ముద్దవుతుంది, చెమట ఆరదు. నేను ఇరవై ఏళ్లు బడికి సైకిల్ మీదే వెళ్ళాను, గేర్ల సైకిల్ కొన్నది రిటైరయ్యాకే. నవంబర్ మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు మంచి కాలం. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు, వాతావరణ హెచ్చరిక చూడకుండా తీరం వైపు కదలొద్దు.

మీరంతా ఎత్తు గురించి మాట్లాడుతున్నారు. మన తీరంలో అసలు కొండ గాలే. మన కోస్తా నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది. ఎండాకాలం, వానాకాలం గాలి ఎక్కువగా నైరుతి నుంచి తోస్తుంది, అంటే శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వెళ్తుంటే వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టు ఉంటుంది, తిరుగు ప్రయాణంలో అదే గాలి ప్రాణం తీస్తుంది. చలికాలం ఇది తిరగబడుతుంది, ఈశాన్యం నుంచి వస్తుంది. కనుక చలికాలంలో పొద్దుటి రైలుకి ఇచ్ఛాపురమో సోంపేటో వచ్చేసి, అక్కడి నుంచి కిందికి తొక్కుకుంటూ ఇంటికి వెళ్ళండి. సైకిల్‌ని లగేజీ కింద బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో, అంటే సామాన్ల పెట్టెలో, వేయించాలి, ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, కాస్త ముందుగా వెళ్ళి పార్సిల్ ఆఫీసులో అడగండి. తొందరలో వెళ్తే కుదరదు. నేను ఒకసారి రైలు వచ్చే ముందు వెళ్ళి, సైకిల్ ప్లాట్‌ఫారం మీద వదిలి నేను ఎక్కలేక, వెనక్కి తిరిగొచ్చాను.

ఇక మా ఊరి సంగతి. సోంపేట నుంచి బారువ దగ్గరే. అక్కడ మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. మహేంద్రగిరి మీద పుట్టిన నీరు అది, మీరు దారి పొడవునా పడమర వైపు చూస్తూ వచ్చిన కొండ నీరే మీ కళ్ళ ముందు ఉప్పునీటిలో కలుస్తుంది. కొండ, తోట, సముద్రం ఒకే దారిలో కావాలన్నారు కదా, నాకు తెలిసి దానికి జవాబు ఈ చోటే. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకి వస్తాయి. రాత్రి పూట టార్చి వేసుకుని ఇసుకలో తిరగవద్దు, వెలుతురు చూసి అవి వెనక్కి వెళ్ళిపోతాయి.

బారువ నుంచి తిరిగి వచ్చేటప్పుడు బీల పక్కనుంచి రండి. బీల అంటే మా వైపు వాన నీరు నిలిచే పల్లపు నేల. చేపలు, పక్షులు, గడ్డి, దాని చుట్టూ వరి. 2010లో అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామంటే రైతులు, మత్స్యకారులు కలిసి అడ్డుకున్నారు, జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే ఆ ప్లాంటు ఆగింది. నా దగ్గర చదువుకున్న పిల్లల తండ్రులు ఆ రోజు అక్కడ ఉన్నారు. ఇప్పుడు చలికాలం ఆ నీటి మీద కొంగలు వాలితే ఆగి చూడండి, ఈ నీరు ఎలా మిగిలిందో తెలిసి చూడండి.

నీళ్ళ గురించి అడిగావు. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువని నీకు తెలిసే ఉంటుంది, కారణం ఇదేనని ఇంకా తేలలేదు. దారిలో బోరు నీళ్ళు పట్టుకోవడం కంటే ఇంటి నుంచి రెండు సీసాలు, అవి అయిపోతే సీలు వేసిన నీళ్ళో కొబ్బరి బొండాలో తాగు. ఎండలో నీళ్ళు తాగకుండా గంటలు గంటలు తొక్కడం మాత్రం ఎక్కడైనా కిడ్నీకి చేటే.

కోట ఘాట్:

అందరూ చదును గురించే రాశారు, ఎక్కడం కావాలంటే విజయనగరం వైపు రండి బాస్. మాది శృంగవరపుకోట. విజయనగరంలో పొద్దున్నే బయల్దేరి గంట్యాడ మీదుగా తాటిపూడి రిజర్వాయర్‌కు వెళ్ళండి. గోస్తనీ మీద కట్టిన ఆనకట్ట, వెనక కొండలు నీటిలో తలకిందులుగా కనిపిస్తాయి, విశాఖకు తాగునీరు ఇక్కడి నుంచి కూడా వెళ్తుంది. అక్కడి నుంచి ఎస్.కోట చేరితే టిఫిన్. కడుపు నిండా తినకండి, ఎందుకంటే బొడ్డవర దాటగానే ఘాట్ మొదలు.

టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట, తర్వాత అరకు. కోట నుంచి అరకు దాకా ఇంచుమించు 60 కిలోమీటర్లు. అరకు 900 మీటర్లకు పైన ఉంటుంది కానీ మధ్యలో గాలికొండ దగ్గర అంతకంటే పైకి వెళ్ళి మళ్ళీ దిగాలి, అందుకే అనంతగిరి దాటాక అయిపోయిందనుకుని కాళ్ళు ఖాళీ చేసుకుంటే గాలికొండ చుక్కలు చూపిస్తుంది. మొదటిసారి నేను అలాగే చేసి మైలురాయి మీద అరగంట కూర్చున్నాను. శాంటా రోసా లాగా గోడ లేదు, నిలకడగా ఎక్కుతూనే ఉండే దారి. మీ 34కి 30 సరిపోతుంది గానీ మోకాళ్ళ మీద ప్రేమ ఉంటే వెనక 34 పళ్ళది వేయించుకోండి.

తోటల విషయానికి వస్తే, అనంతగిరి నుంచి పైకి కాఫీ. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ సిల్వర్ ఓక్ మొదళ్ళకు మిరియాల తీగలు. మీకు తీగ తోటే కావాలనుకుంటే ఇదిగో మన తీగ తోట. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నవంబర్ నుంచి జనవరి వరకు పళ్ళు ఎర్రబడి కోత నడుస్తుంది, గిరిజన రైతులు ఇంటి ముందు ఆరబోసుకుంటారు. కొన్ని చోట్ల రోడ్డు అంచున కూడా ఆరబోస్తారు, దాని మీదుగా తొక్కకండి. ఘాట్ ఎక్కాక మీరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంటారు, 2022లో జిల్లాలు మారాయి.

దిగడం గురించి గట్టిగా చెప్తున్నాను. ఎక్కేవాడికి అలసటే, ప్రమాదం దిగేవాడికి. మీ సైకిల్‌కి చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకులైతే బ్రేకు పట్టుకునే ఉండకండి, రిమ్ము వేడెక్కి ట్యూబ్ పగులుతుంది. మలుపు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయాలి. మధ్యలో రెండు చోట్ల ఆగి రిమ్ముని ముట్టుకుని చూసుకోండి. డిసెంబర్, జనవరి ఆదివారాలు వద్దు, పర్యాటకుల వ్యాన్లు మలుపుల్లో మీ సగం రోడ్డు కూడా తీసుకుంటాయి. మంగళవారమో బుధవారమో రండి. పొగమంచు ఉంటుంది కాబట్టి వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి.

అరసవల్లి పెడల్:

వీళ్ళందరూ మిమ్మల్ని దూరం తీసుకెళ్తున్నారు, ముందు ఇంటి దగ్గరవి తొక్కండి. శ్రీకాకుళం, అరసవల్లి, శ్రీకూర్మం, గార, కళింగపట్నం, శాలిహుండం, మళ్ళీ శ్రీకాకుళం. ఒక పూటలో అయిపోతుంది. నరసన్నపేట నుంచి వస్తే హైవే మీద మడపాం వంతెన వరకే తప్పదు, వంశధార దాటాక ఎడమవైపు ఊళ్ళలోకి దిగిపోవచ్చు.

శాలిహుండం చిన్న కొండే, కానీ వంశధార ఒడ్డునే ఉంది. సైకిల్ కింద పెట్టి నడిచి ఎక్కండి. పైన బౌద్ధ స్తూపాల పునాదులు, కింద నది వెడల్పుగా తిరుగుతూ కళింగపట్నం దగ్గర సముద్రంలోకి వెళ్ళడం కనిపిస్తుంది. అప్పట్లో ఓడలకి రేవు అదే. కొండా నదీ సముద్రం కొబ్బరీ, అన్నీ ఒకే చూపులో. నేను ఏ ఆదివారం ఖాళీగా ఉన్నా అక్కడికే వెళ్తాను.

మీకు టెక్కలి వైపే దగ్గరంటే నౌపడా ఉప్పు మడులు, పక్కనే తేలినీలాపురం. సెప్టెంబర్ నుంచి మార్చి వరకు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు అని ఆ ఊరి వాళ్ళు వాటిని చూసుకుంటారు. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు పాటలు, బెల్లు ఆపేసి, దిగి నడిపించుకుంటూ వెళ్ళండి. సంతబొమ్మాళి వైపు మూలపేట పోర్టు పనుల లారీలు తిరుగుతుంటాయి, అటు జాగ్రత్త.

కుక్కలకు నాకు తెలిసిన ఉపాయం ఒకటే, వేగం పెంచకుండా దిగి సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని నడవడం. నడిచే మనిషిని అవి పట్టించుకోవు. టైర్ల గురించి ఎవరూ రాయలేదు. ఊరి రోడ్ల అంచున సర్కారు తుమ్మ ముళ్ళు, 28 టైరుని సూదిలా దిగిపోతాయి. ఫోర్క్‌లో పడితే 32 వేయండి, గాలి కాస్త తగ్గించండి, రెండు ట్యూబులు, ప్యాచీలు, చేతి పంపు లేకుండా బయటికి రావద్దు. సన్న వాల్వు ట్యూబులు పల్లెల్లో దొరకవు. పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవడానికి ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు సంచిలో పడేసుకోండి, చాలా చవక, నన్ను మూడుసార్లు ఇంటికి చేర్చింది.

వంశధార గట్టు:

చదువుతుంటే కళ్ళు తడిశాయి, నిజంగా. నిన్న రాత్రి మీ సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన చిన్నప్పుడు మా తాతతో కలిసి ఎడ్లబండి మీద శాలిహుండం మీదుగా కళింగపట్నం వెళ్ళారట, నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు, నేనూ అడగలేదు. తిత్లీ గురించి పలాస తమ్ముడు రాసింది విని చాలాసేపు మాట్లాడలేదు.

ఈ ఆదివారం శాలిహుండం వెళ్తున్నాను. 32 టైర్లు పట్టాయి, నిన్ననే వేయించాను. మాస్టారూ, చలికాలం రాగానే రైల్లో సోంపేట దిగి మీ దగ్గరి నుంచే మొదలుపెడతాను. కోట ఘాట్ అన్నా, అరకు నేను ఫిబ్రవరిలో, కాళ్ళు కాస్త గట్టిపడ్డాక. ఒక్క సందేహం, బారువ నుంచి నరసన్నపేట వరకు హైవే ముట్టకుండా రావడం కుదురుతుందా?

పలాస పిక్క:

పూర్తిగా కుదరదు అన్నా. బారువ నుంచి పలాస దాకా ఊళ్ళలోంచి తీసుకొచ్చేస్తాను, ఆ తర్వాత టెక్కలి వరకు కొన్ని చోట్ల హైవే ఎక్కక తప్పదు. అది మధ్యాహ్నం లోపే దాటేయాలి, అందుకే సోంపేటలో చీకటితోనే బయల్దేరాలి. నేను కాశీబుగ్గలో మీతో కలుస్తాను. మా ఇంట్లో పప్పు కాల్చే వాసన మధ్యలో టిఫిన్ చేసి, టెక్కలి దాకా మీ వెనకే వస్తాను.

సోంపేట మాస్టారు:

ముందు రోజు రాత్రికే మా ఇంటికి వచ్చేయండి బాబూ. అంత పొద్దున్న రైలు దొరకదు. సైకిల్ పెట్టుకోవడానికి వరండా ఉంది, పనసకాయ దొరికితే మా ఆవిడ కూర చేస్తుంది. నాలుగున్నరకి లేపుతాను.